రెండు రోజుల పేరు

ఏప్రిల్ 3, గురువారం

మనవరాలు ఆనంది తను కట్టుకుంటానంటున్న అబ్బాయి ఊరి పేరు ఇవాళ చెప్పింది. ఇన్నాళ్ళూ "కోయంబత్తూరే తాతా" అని దాటేస్తూ వచ్చింది. వాళ్ళ నానమ్మ ఇరుళాయి గట్టిగా అడిగితే, సొంత ఊరు సూలూరుకు తూర్పున అని, తోట మధ్యలో పాత మిద్దె అని, ఆ మిద్దెకు ఇప్పటికీ తాళం వేసి ఉంచారని చెప్పింది. నేను చదువుతున్న పేపరు మడిచి, అబ్బాయి తాత పేరేమిటని అడిగాను.

"ఆయన పోయి ఎనిమిదేండ్లాయెనంట. ముత్తుసామి నాయుడు. నీ పేరే తాతా!" అని నవ్వింది.

నా పేరే. అవును.

ఏప్రిల్ 4

రాయాలి. ఈ నోటుబుక్కు ఉన్నది అందుకే. మా ఇంట్లో తెలుగు మాట్లాడనివాళ్ళు లేరు. తెలుగు చదవగలిగింది నేనొక్కణ్ణే. మిల్లు స్టోరులో పనిచేసిన చిత్తూరాయన భోజనాల వేళల్లో నేర్పిన అక్షరాలివి. తమిళంలో రాస్తే కొడుకు చదువుతాడు, ఇంగ్లీషులో రాస్తే మనవరాలు చదువుతుంది. ఇందులో రాస్తే ఇనప్పెట్టెలో పెట్టినట్టే.

ముత్తుసామి అన్నది మురుగన్ పేరు. మా నాయన కొండెక్కి మొక్కుకుని పెట్టిన పేరు. నన్ను పదకొండో ఏట ఆ మిద్దె తోటలో పశువులు కాయడానికి చేర్చారు. మూడో రోజు మిద్దెలోంచి పెద్దామె "ముత్తుసామీ" అని కేక వేసింది. నేను "ఏమమ్మా" అంటూ వాకిలి దాకా పరుగెత్తాను. ఆమె పిలిచింది తన కొడుకును. పెళ్ళయి నెల కూడా కాని కొడుకును. అతను వచ్చి, ఆ పేరు నీకెవరు పెట్టారని అడిగాడు. మా నాయన అన్నాను. పశువుల కొట్టంలో గుంజకు కట్టేసి, ఎద్దుల్ని తోలే కొరడాతో కొట్టాడు. ఆ సాయంత్రం నుంచి ఆ తోటలో నేను కరుప్పయ్యను. మా నాయన కూడా అక్కడ నన్ను అట్లాగే పిలిచాడు. దెబ్బలు ఎప్పుడో మానాయి. నాయన గొంతులో ఆ పిలుపు మానలేదు.

పద్దెనిమిదో ఏట మిల్లులో చేరినప్పుడు రిజిస్టరులో ముత్తుసామి అని చెప్పాను. గుమాస్తా తల ఎత్తకుండా రాసుకున్నాడు. లోకంలో అంత తేలికైన పని ఇంకోటి చూడలేదు.

ఆ మనిషి పోయి ఎనిమిదేళ్ళయిందని నాకు నిన్నటిదాకా తెలియదు. అతనికి చెప్పాల్సిన మాటలు వాక్యం వాక్యంగా పేర్చి పెట్టుకున్నాను. చెప్పించుకోకుండా పోయాడు. బతికినప్పుడూ అంతే, ఎవరి మాటా పూర్తిగా వినలేదు.

ఏప్రిల్ 6

ఈ సంగతి ఇరుళాయికి తప్ప ఎవరికీ తెలియదు. కొడుక్కు చెప్పలేదు. మనవరాలికి అసలు చెప్పలేదు.

ఇరుళాయి అంది: "చచ్చినోనితో నీకేమి సండ, ఏమి కొట్లాట? పాప మొగం చూసినావా, ఎట్ల వెలిగిపోతా ఉండాదో."

"నేనేమన్నాను ఇప్పుడు?"

"నువ్వు ఏమీ అనకుండా ఉండేదే నాకు భయం. నువ్వు అరిస్తే కడుపు ఖాళీ అవుతాది. గమ్మున ఉంటే రాస్తావు."

ఏప్రిల్ 13, ఆదివారం

ఆ అబ్బాయి రామ్‌కుమార్ ఇంటికి వచ్చాడు. ముక్కు ఆ ఇంటిది. మిగతాదంతా ఎవరిదో తెలియదు, నెమ్మదైనవాడు. మా కోడలు జెబమలర్ ఇచ్చిన కాఫీ తాగి గ్లాసు తనే తీసుకెళ్ళి కడిగి బోర్లించాడు. కంపెనీలో అలవాటట.

విషయం చెప్పాడు. వాళ్ళ ఇంట్లో అంతా నానమ్మ చేతిలో ఉంది. పేరు సౌందరం. ఎనభై దాటాయి. "అవ్వ సరే అంటే మా నాయన సరే అంటాడు. అవ్వ మిమ్మల్నందరినీ చూడాలంట. అయితే మీ ఇంటికి రాదు. మీరు మా ఇంటికి వస్తే సొందకారులు, మా కులపోళ్ళంతా, వాకిట్లోనే నిలబడి చూస్తారు. గుడికి పోతే ఇంకా కష్టం, ఊరంతా అక్కడే ఉంటాది."

"ఇంగ ఎక్కడప్పా? నడి రోడ్డులోనా?" అన్నాడు నా కొడుకు ఇళంగో.

ఆనంది సెల్లులో ఒక బొమ్మ చూపించింది. గంటన్నర ప్రయాణంలో కొత్తగా కట్టిన పార్కు. నీళ్ళ ఆటలు, రంగులరాట్నాలు, రాత్రి ఉండటానికి వరసగా చిన్న చిన్న ఇళ్ళు. శనివారం వెళ్ళి ఆదివారం రావడం.

"అక్కడ ఎవరికి ఎవరూ తెలీదు తాతా. అందరూ నైలాన్ తుణి కట్టుకొని తడిసి ఉంటారు. ఎవరు ఎవరని కనుక్కోను కూడా కాదు" అన్నాడు రామ్‌కుమార్.

పూర్వం యుద్ధంలో ఉన్న రాజులు నది మధ్యలో తెప్ప మీద కలిసి సంధి చేసుకున్నారని చదివాను. ఇటు గట్టూ కాదు, అటు గట్టూ కాదు. మాకు తెప్ప లేదు, జారుడు గొట్టాలున్నాయి.

ఏప్రిల్ 17

ఇళంగో పార్కు నిబంధనలు చదివి వినిపించాడు. బస్సు డిపోలో మెకానిక్కు. బోల్టు మీది నంబరైనా గట్టిగా చదివే అలవాటు.

"కాటన్ తుణితో నీళ్ళలో దిగకూడదంట. వేష్టి పంచెలు, చీర కూడదు. నైలానే కావాలంట. లేకుంటే వాళ్ళే బాడుగకు ఇస్తారంట."

"ఒకరు కట్టి విప్పినది నేను కట్టను. సంతలో నైలాన్ నైటీ కొనుక్కొంటా" అంది ఇరుళాయి.

"ఈ వయసులో నీకు నీళ్ళాట ఏమిటి?"

"నీకు మాత్రం ఈ వయసులో ఏమిటి, నాలుగు పేజీలు రాసేది, మూడు పేజీలు చించేది?"

గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్ళు ఏమేమి ఎక్కకూడదో ఒక పట్టిక ఉంది. చదువుతూ పోతే నేను ఎక్కదగ్గవి రెండే మిగిలాయి. పిల్లల రైలు, పిల్లల నీళ్ళ తొట్టి. ఆధారు కార్డు తేవాలి. గేటు దగ్గర ప్రతి మనిషి చేతికీ పేరు రాసిన కాగితం పట్టీ కడతారు. అది ఉంటేనే తిండి.

ఏప్రిల్ 19

పేపర్లో ఒక చావు వార్త. నలభై ఏళ్ళ కిందట ఆంధ్రా పత్రిక ఒకదానికి రెండు కథలు పంపాను. "ముందు తెలుగు నేర్చుకుని తర్వాత రాయండి" అని కార్డు రాసిన సంపాదకుడు పోయాడు. తొంభై ఒక్క ఏళ్ళు. సంతోషపడలేదని రాస్తే అబద్ధం. నా కథలో మా అమ్మ మాట్లాడినట్టు మా అమ్మ మాట్లాడింది. ఆ పాపానికి అది తెలుగు కాకుండా పోయింది.

పేరు నీది కాదంటాడొకడు. భాష నీది కాదంటాడింకొకడు. ఇద్దరూ నిద్రలో హాయిగా పోయారట.

ఏప్రిల్ 22

భోజనమయ్యాక ఆనంది నా పక్కన వచ్చి కూర్చుంది.

"తాతా, ఒకటి అడుగుతా. కోపించుకోకూడదు."

"అడుగు."

"రామ్ వాళ్ళ అవ్వ వాళ్ళ తాత పేరు నోటితో అనదంట. ఆయన ఉన్నప్పుడూ అనలేదు, పోయినాకా అనలేదు. వాళ్ళింట్లో పాలు పోసే ఆయన పేరూ అదే. ఆయన్ని 'పాలప్పా' అంటాదంట. బ్యాంకులో అడిగితే కూడా కొడుకు పక్క చూస్తాదంట. ఇంగ నిన్ను ఎట్ల పిలుస్తాది, పాపం?"

"ఎట్ల పిలుస్తుందట?"

"రామ్ నీ పేరు, నీ సొంత ఊరు చెప్తే, నువ్వు వాళ్ళ తోటలో చిన్నప్పుడు ఉంటివని ఆమెకు జ్ఞాపకం వచ్చెనంట. 'కరుప్పయ్య కదా, అట్లే పిలుస్తా' అనిందంట. నీకు అట్లొక పేరు ఉండేది మాకు తెలీనే తెలీదే! బాగుండాది తాతా, ఎవరో సినిమా విలన్ మాదిరి." నా మోకాలు పట్టుకుని ఊపింది. "రెండు దినాలే. చేతి పట్టీ మీద కూడా అట్లే రాయించేస్తా. ఆమె చూసి చదివినా గొడవ ఉండదు."

మొగుడి పేరు పలకకపోవడం మా ఇళ్ళలోనూ ఉంది. ఇరుళాయి నన్ను యాభై ఏళ్ళుగా "ఏమయ్యా" అంటుంది. కాబట్టి తప్పని ఎవరూ అనలేరు. కొరడాతో పెట్టిన పేరు మర్యాద కట్టుకుని మళ్ళీ నా గుమ్మం ఎక్కింది. దాన్ని మోసుకొచ్చింది నా మనవరాలు.

చూస్తానన్నాను.

ఏప్రిల్ 23

చూసేదేమీ లేదు. కుదరదు.

ఏప్రిల్ 26

ఆనంది నన్ను మళ్ళీ అడగలేదు. నాలుగు రోజులుగా పెరుగన్నం సగం తిని లేస్తోంది. ఇరుళాయి నా కంచంలో అన్నం వడ్డిస్తూ, "ఆ యమ్మ సరే అనకుంటే ఆ పిల్లోడు ఇల్లు విడిచి వస్తాడంట. పాప వద్దంటాదంట. 'వాళ్ళ అవ్వను ఏడిపించి నేను కట్టుకోను' అంటా ఉండాది. తెలిసిందా?" అంది.

తెలిసింది. మా ఆనంది అంటే అంటుంది. అని ఊరుకోదు, చేస్తుంది.

రాత్రి పిలిచి సరేనన్నాను. నా మెడ చుట్టూ చేతులు వేసింది. కొట్టంలో సంగతి చెప్పాలనుకున్నాను. చెబితే అక్కడికక్కడే ఆ అబ్బాయికి ఫోను చేసి అంతా తెంచేసేది. దాని మంచికోసమే చెప్పలేదు.

ఏప్రిల్ 28

దాని మంచికోసం అన్నది సగమే నిజం. ఇప్పుడు చెబితే ఇక్కడే ముగుస్తుంది. అక్కడ చెబితే వాళ్ళందరి ముందూ చెప్పవచ్చు. అతను లేకపోతేనేం, పెళ్ళాం ఉంది, కొడుకున్నాడు. శనివారం రాత్రి అందరూ ఒకే బల్ల దగ్గర భోజనానికి కూర్చుంటారు. ఆమె నన్ను కరుప్పయ్యా అంటుంది. నేను లేచి నిలబడతాను.

మే 2

మాటలు రాశాను. నాలుగు పేజీలు. తమిళంలోనా తెలుగులోనా అని రెండు రోజులు ఆలోచించాను. అతను కొట్టింది తెలుగులో తిడుతూనే. తెలుగులోనే చెబుతాను.

పెళ్ళి ఏమవుతుందన్నది మొదటి పేజీ రాసేటప్పుడు ఆలోచించాను. రెండో పేజీ నుంచి ఆలోచించలేదు.

మే 8

ఇరుళాయి నైటీ కొంది. ఊదారంగు, దాని మీద చిలుకలు. అద్దం ముందు తొడుక్కుని చూసుకుని, "నేను పోయినాక దీన్నే కప్పండి" అంది. కోడలు "స్తోత్రం, ఏమి మాట అత్తా" అని చెంపలేసుకుంది. నాకు నల్ల నిక్కరు కొన్నారు. ఆనంది దాన్ని మడిచి సంచిలో పెడుతూ పాడుకుంటోంది.

పేజీలు చొక్కా జేబులో పెట్టి పిన్ను పెట్టాను.

మే 9

రేపు.

మే 11, ఆదివారం

వచ్చేశాం. ఆమె నన్ను పేరు పెట్టి పిలిచింది. ముత్తుసామీ అని. గట్టిగా. తన జన్మలో మొదటిసారి ఆ నాలుగక్షరాలు ఆమె నోట్లోంచి వచ్చింది నా కోసం. పేజీలు బయటికి తీయనక్కర్లేకపోయింది.

గెలిచాను.

మే 12

సౌందరమ్మకు మణికట్టు విరిగిందట. రాత్రి ఆసుపత్రిలో కట్టు కట్టారట. ఆనంది చెప్పింది. పిల్లల తొట్టి దగ్గర జారిపడింది, నేనే లేపాను. ఆ వయసులో ఎముక ఎట్లాగూ విరిగేదే. ఎవరు లేపినా, ఎప్పుడు లేపినా.

మే 13

పరుగెత్తే వెళ్ళాను.

మే 14

రామ్‌కుమార్ మామిడిపండ్ల బుట్టతో వచ్చాడు. వంగి నా కాళ్ళు ముట్టుకున్నాడు.

"అవ్వ అందరి దగ్గరా చెప్తా ఉండాది తాతా. 'ఒక్క కేక వేసినాను, పరిగెత్తుకొని వచ్చి ఎత్తినాడు. లేకుంటే నీళ్ళు తాగి పోయేదాన్ని' అని. చెయ్యి కొంచెం మానినాక ఆమే ఇక్కడికి వచ్చి మాట్లాడుతాదంట. మీ ఇంటికి! మా నాయన నమ్మలేదు."

ఇరుళాయి నా వైపు గర్వంగా చూసింది. "ఈయప్పకు మోకాలు నొప్పి, నడిచేదే కష్టం. ఎట్ల పరిగెత్తినాడో!"

ఒక్క కేక వేసిందట. ఆమె ఎందుకట్లా చెబుతోంది?

మే 15

ఒక్క కేక.

మే 19

నాకోసం రాసుకునే చోట కూడా అబద్ధాలు రాస్తే ఇంక ఈ బుక్కు ఎందుకు? ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

గేటు దగ్గర ఆనంది కాగితం పట్టీ మీద కరుప్పయ్య అని రాయించి నా చేతికి తనే కట్టింది. సౌందరమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. మనిషి చిన్నదైపోయింది. నన్ను చూసి, "కరుప్పయ్యా, బాగుండావా? తల అంతా తెల్లగా అయిపోయెనే" అంది. ఆ గొంతులో అహంకారం వెతికాను. దొరకలేదు. దొరక్కపోవడం ఇంకా మండించింది. ఆమెకు అది నా పేరే. వేరే ఏదీ కాదు.

రాత్రి భోజనాల దగ్గర లేచి నిలబడ్డాను. పిన్ను తీశాను. ఆనంది ఆ ముసలామె విస్తట్లో చేపముక్క ముళ్ళు తీసి పెడుతోంది. "ఏమి తాతా, నీళ్ళు కావాలా?" అంది. అవునన్నాను. నీళ్ళు తాగి కూర్చున్నాను.

మరునాడు పొద్దున కుర్రవాళ్ళంతా ఎత్తు గొట్టాల వైపు వెళ్ళారు. ఇరుళాయి కూడా చిలుకల నైటీ తొడుక్కుని కోడలి చెయ్యి పట్టుకుని వెళ్ళింది. పిల్లల తొట్టి దగ్గర మేమిద్దరమే మిగిలాం. మోకాటి లోతు నీళ్ళు. సౌందరమ్మ వాళ్ళిచ్చిన నైలాన్ అంగీ తొడుక్కుని, కమ్మీ పట్టుకుని మెట్టు దిగింది. అలలు వదిలే ముందు ఊదే బూర ఊదారు. పాటలు పెద్దగా పెట్టారు. మొదటి అలకే ఆమె కాలు జారి చెయ్యి కింద పెట్టి కూలబడిపోయింది. కూర్చుంటే నీళ్ళు రొమ్ము దాకా వచ్చాయి.

నేను నాలుగు అడుగుల దూరంలో ఉన్నాను.

"కరుప్పయ్యా" అంది.

నేను చూశాను. చూసి, పాట వస్తున్న స్తంభం వైపు తల తిప్పుకున్నాను.

"కరుప్పయ్యా, చెయ్యి ఇయ్యప్పా."

అల ఆమె నోటిమీదుగా పోయింది. దగ్గింది. ఆ సమయంలో నేను భయపడి ఆగిపోలేదు. అర్థం కాక ఆగిపోలేదు. అది రాయాలి. ఇప్పటికి రెండుసార్లు అని మనసులో అనుకున్నాను. పిలవాల్సినట్టు పిలిచేదాకా ఆగాను. ఈ నీళ్ళలో ఆమె పోయినా ఆగి ఉండేవాణ్ణా అంటే, తెలియదు.

అప్పుడు అంది, ముత్తుసామీ అని.

దిగి లేపాను. పసిపిల్లంత బరువుంది. చెయ్యి వేలాడుతోంది. ఆమె ఆ చెయ్యి చూసుకోలేదు. రెండో చేత్తో బోసి మెడ తడుముకుంది. మొగుడు పోయి ఎనిమిదేళ్ళయినా తాళి ఉండే చోటు తడుముకుంది.

అందరూ పరుగెత్తి వచ్చారు. నా మనవరాలు నా వీపు తట్టింది.

మే 20

ఇరుళాయికి చెబుదామని పిలిచాను. "ఏమయ్యా" అంటూ వచ్చింది. బీపీ మాత్ర అడిగాను.

జూన్ 1, ఆదివారం

ఆమె వచ్చింది. చేతికి కట్టు, మెడలోంచి గుడ్డ వేలాడగట్టి. కొడుకు దినకరన్ కారులోంచి దిగనా వద్దా అని కాసేపు కూర్చుని దిగాడు. రామ్‌కుమార్ ఆమెను నడిపించుకొచ్చాడు. వీధిలో సగంమంది గుమ్మాల్లోకి వచ్చారు. ఆమె ఎవరినీ చూడకుండా వచ్చి మా కుర్చీలో కూర్చుంది. ఇరుళాయి మజ్జిగ ఇస్తే తాగి, ఇంకొంచెం ఉప్పు వెయ్యమంది.

"పెండ్లి ఆవణి నెలలో పెట్టుకొందాము. ఆడి మాసంలో వద్దు, మంచిది కాదు" అంది. అంతే. నా కోడలు ఏడ్చేసింది. ఆనంది వంటింట్లోకి పారిపోయింది. ముహూర్తం, మండపం, ఎంతమంది అని ఇళంగో ఒకటే హడావుడి.

కాసేపటికి సౌందరమ్మ అందరినీ పంపేసింది. "పోయి కారులో పండ్లు, తుణి ఉండాది, దించుకొని రండప్పా. అందరూ పోండి. పాపకు కొన్న చీర చూడండి." ఇరుళాయి కూడా చీర మాట వినగానే లేచి వెళ్ళింది.

మేమిద్దరమే. ఆమె కట్టు వేసిన చెయ్యిని ఒళ్ళో సర్దుకుంది.

"నీకు చెవులు బాగా వినిపిస్తాదా?"

"వినిపిస్తుంది."

"ఆ దినం కూడా వినిపించెనా?"

ఎన్ని పుస్తకాలు చదివినా అలాంటి ప్రశ్నకు రెండు జవాబులు లేవు.

"వినిపించింది" అన్నాను.

ఆమె తల ఊపింది. తెలిసిన సంగతి మళ్ళీ విన్నట్టు ఊపింది.

"నాకూ వినిపించె, నిన్ను కొట్టిన దినం. కొట్టంలో. నేను ఆ ఇంటికి వచ్చి నెల కూడా కాలేదు. వాకిలి వెనక నిల్చుకొని ఉంటిని. గడియ మీద చెయ్యి పెట్టుకొనే ఉంటిని." గుక్క తిప్పుకుంది. "ఆరు తూర్లు 'అమ్మా' అంటివి. నేను మూడు తూర్లే పిలిస్తిని."

బయట ఆనంది నవ్వు వినబడింది. చీర విప్పి చూపిస్తున్నట్టున్నారు. ఇళంగో పండ్ల బుట్టతో లోపలికి వస్తూ, "ఏమి, పెద్దోళ్ళు రహస్యం మాట్లాడతా ఉండారు?" అన్నాడు.

"పెండ్లి మాటే" అంది ఆమె.

వాళ్ళు వెళ్ళి మూడు గంటలయింది. నాలుగు పేజీలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. కొరడా పొడుగు రాశాను. గుంజ ఏ చెట్టుదో రాశాను. ఆ రోజు నేను ఎన్నిసార్లు అరిచానో మాత్రం ఎక్కడా రాయలేదు. నాకు తెలియదు. కొట్టించుకునేవాడు లెక్కపెట్టుకోడు. తలుపు వెనక నిలబడ్డ మనిషి లెక్కపెట్టింది, నీళ్ళ పక్కన నిలబడి నేను లెక్కపెట్టినట్టే.